ప్రింట్ స్క్రీన్ మీట డాస్ మాట వినదు

విండోస్‌కి ముందు పీసీలను నడిపిన డాస్‌లో కాస్త చెయ్యి తిరిగిన వాళ్ళందరికీ ఒక చిట్కా తెలుసు. డిర్ అని కొట్టి, పక్కన > గుర్తు పెట్టి, ఒక ఫైలు పేరు రాస్తే, తెర మీద పడాల్సిన జాబితా ఫైల్లో పడుతుంది. ఇదే చిట్కా, తెర మీదున్నదంతా ప్రింటర్‌కి పంపే ప్రింట్ స్క్రీన్ మీటకీ పనికొస్తుందనుకోవడం దగ్గరే తిప్పలు మొదలవుతాయి. ప్రోగ్రాంను > గుర్తుతో నడిపి ప్రింట్ స్క్రీన్ నొక్కితే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కిర్రుమంటూ కాగితం మీదే కొడుతుంది. ఫైలు తెరిచి చూస్తే ఖాళీ. ప్రింటర్ తగిలించి లేకపోతే మెషిన్ కొన్ని సెకన్లు బిగుసుకుపోతుంది, అంతే.

అక్కడితో చాలామంది ఆ మీటను వదిలేసి ఫోన్‌తో తెరను ఫోటో తీయడానికి సిద్ధపడతారు. అది తొందరపాటు. ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి లెక్కల ప్యాకేజీలోంచో, ల్యాబ్‌లో ఏదో పరికరానికి అతుక్కుని ఉన్న పాత పీసీలోంచో, ఎగుమతి సదుపాయమే లేని ప్రోగ్రాంలోంచో సమాచారం బయటికి లాగాలంటే, ప్రింట్ స్క్రీన్‌ను సీరియల్ పోర్టు (బిట్లను ఒకదాని వెనక ఒకటిగా పంపే పాత సాకెట్టు) మీదుగా ఇంకో కంప్యూటర్‌కి మళ్ళించడం కంటే నమ్మకమైన దారి నాకు కనిపించదు. పాత మెషిన్‌లో కొత్తగా ఏదీ ఎక్కించక్కర్లేదు. కావాల్సింది డాస్‌తో పాటే వచ్చింది. ఏ చోట మళ్ళించాలో తెలిస్తే చాలు.

ఇంతకీ ఆ మీట నొక్కితే ఏం జరుగుతుంది? 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ కీబోర్డుకి 83 మీటలు. ప్రింట్ స్క్రీన్‌కి సొంత మీట లేదు, నక్షత్రం గుర్తు మీటనే షిఫ్ట్‌తో కలిపి నొక్కాలి. 101 మీటల కీబోర్డు వచ్చాక విడి మీట దొరికింది. ఏ కీబోర్డయినా నొక్కిన సంగతి ముందు తెలిసేది ఇంటరప్ట్ 9కి, అంటే బయోస్‌లోని కీబోర్డు కోడ్‌కి. (ఇంటరప్ట్ అంటే చేస్తున్న పని ఆపి, నంబరున్న ఒక చిన్న ప్రోగ్రాంను పిలవడం. బయోస్ అంటే మెషిన్‌లోనే ఉండే మూల ప్రోగ్రాంల కట్ట.) అది ఆ నొక్కుడును అక్షరంగా మార్చి వరసలో పెట్టదు. అక్కడికక్కడే ఇంటరప్ట్ 5ను పిలుస్తుంది. (ఇక్కడి నుంచి ఇంటరప్ట్ నంబర్లు, చిరునామాలు అన్నీ హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో. ఆదేశాలను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.)

ఇంటరప్ట్ 5 దగ్గర ఉన్నది రామ్‌లో కాదు, చెరగని చిప్ అయిన రోమ్‌లో ఉన్న ఒక బుల్లి ప్రోగ్రాం. అది వీడియో సేవలైన ఇంటరప్ట్ 10ని పిలిచి, తెర మీద ఎన్ని నిలువు వరసలున్నాయో అడుగుతుంది. కర్సర్ ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, దాన్ని ఎడమ పై మూలకు జరుపుతుంది. ఆ చోట ఏ అక్షరముందో చదువుతుంది. సున్నా విలువ ఉంటే దాని బదులు ఖాళీ తీసుకుంటుంది. తీసుకున్న అక్షరాన్ని ఇంటరప్ట్ 17కి, అంటే ప్రింటర్ సేవకి, ఇస్తుంది. మళ్ళీ కర్సర్ ఒక గడి పక్కకు. ఇలా 80 గడులు, 25 వరసలు. చివరికి కర్సర్‌ను ఎక్కడి నుంచి తెచ్చిందో అక్కడే పెట్టేసి తప్పుకుంటుంది.

ఈ మొత్తం ప్రయాణంలో డాస్ ఎక్కడైనా కనిపించిందా? లేదు. > గుర్తు మార్చేది డాస్ దగ్గరున్న ఒక పట్టికను. ప్రోగ్రాం రాసేది ఎక్కడికి పోవాలో చెప్పే 1వ నంబరు హ్యాండిల్ తెరకు కాకుండా ఫైలుకు చూపేలా చేస్తుంది. ప్రింట్ స్క్రీన్ ఆ పట్టిక ముఖమే చూడదు. కాలువ కింద నుంచి గొట్టం వేసుకుని పోతున్న నీటికి, కాలువ మీద తూము కట్టి ఏం లాభం?

కంట్రోల్‌తో కలిపి ప్రింట్ స్క్రీన్ నొక్కడం పూర్తిగా వేరే సంగతి. అది డాస్ చేసే పని. ఆ తరువాత డాస్ ద్వారా తెర మీదకు వెళ్ళే ప్రతి అక్షరం ప్రింటర్‌కి కూడా వెళ్తుంది, మళ్ళీ నొక్కేదాకా. కానీ ఫాక్స్‌ప్రో, క్లిప్పర్‌లతో రాసిన ప్యాకేజీల్లాంటివి వేగం కోసం వీడియో మెమరీలోకి నేరుగా రాస్తాయి. వాటి ముందు ఈ ప్రతిధ్వని మూగబోతుంది. ఇంటరప్ట్ 5 మాత్రం ఎవరు రాశారని అడగదు, తెర మీద ఏముందో అదే చదువుతుంది. నాకు ఆ మీట మీద గౌరవం ఇందుకే.

దారి ఇదయితే, అడ్డుకట్ట వేయడానికి మూడు చోట్లున్నాయి: 5 దగ్గర, 17 దగ్గర, చివర పోర్టు చిరునామా దగ్గర. నా ఓటు 17కి. 5 దగ్గర ఆపితే తెర చదివే పని కూడా మనమే రాసుకోవాలి. 17 దగ్గర ఆపితే చదవడం రోమ్ చూసుకుంటుంది, మనం అందుకుంటే చాలు. పైగా ఆ ప్యాకేజీ తన సొంత రిపోర్టులను ప్రింటర్‌కి పంపినా, మామూలుగా డాస్ ద్వారానో బయోస్ ద్వారానో పంపుతుంది కాబట్టి, అవీ ఇదే వలలో పడతాయి.

ఆ వల డాస్‌లో ముందే ఉంది. దాని పేరు మోడ్. రెండు ఆదేశాలు, ఈ వరసలోనే. వీటిలో కామ్1 అంటే మొదటి సీరియల్ పోర్టు, ఎల్‌పీటీ1 అంటే మొదటి ప్రింటర్ పోర్టు. మొదటిది: మోడ్ కామ్1:9600,ఎన్,8,1,పీ. అంటే సెకనుకు 9600 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేదు, 8 డేటా బిట్లు, 1 స్టాప్ బిట్, అవతల సిద్ధంగా లేకపోతే విసుగు లేకుండా మళ్ళీ ప్రయత్నించు. 9600 బదులు 96 అన్నా దానికి అర్థమవుతుంది. పాత బయోస్ సీరియల్ సేవ అంతకు మించి వేగం ఇవ్వదు. రెండోది: మోడ్ ఎల్‌పీటీ1:=కామ్1:. దీంతో మోడ్‌లోని ఒక చిన్న ముక్క మెమరీలో నిలిచిపోయి ఇంటరప్ట్ 17ను పట్టుకుంటుంది. ప్రింటర్‌కని వచ్చిన ప్రతి అక్షరాన్నీ సీరియల్ సేవ ఇంటరప్ట్ 14కి అందిస్తుంది. ఇక ప్రింట్ స్క్రీన్ నొక్కితే తెరంతా వైరులో పడి పోతుంది.

లెక్క చూడండి. 80 గుణించు 25, అంటే 2000 అక్షరాలు. వరస చివర మలుపులకు రెండేసి బైట్ల చొప్పున మరో 50 పైచిలుకు. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. తెర మొత్తం రెండు సెకన్ల పైన కొంచెం. ఆ రెండు సెకన్లూ ముందున్న ప్రోగ్రాం ఆగి ఉంటుంది. లెక్కల పుస్తకానికి ఫరవాలేదు. పరికరం నుంచి రీడింగులు తీసుకుంటున్న పీసీ అయితే రీడింగుల మధ్య విరామంలో నొక్కాలి.

ఇక ఎక్కువమంది చతికిలపడేది కేబుల్ దగ్గర. మూడు తీగలతో, పంపేది, అందుకునేది, గ్రౌండ్ కలిపి రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్ చుట్టేస్తారు. టెర్మినల్ ప్రోగ్రాంలతో అది చక్కగా పనిచేస్తుంది. మోడ్‌తో పనిచేయదు. కారణమేమిటంటే, బయోస్ ఇంటరప్ట్ 14 ఒక్క అక్షరం పంపే ముందు కూడా అవతల సిద్ధమేనని చెప్పే డీఎస్‌ఆర్, సీటీఎస్ అనే రెండు తీగలు పైకి లేచాయా అని చూస్తుంది. మూడు తీగల కేబుల్‌లో ఆ రెండూ గాలిలో ఉంటాయి. పై ఆదేశంలో పీ పెట్టి ఉంటే మెషిన్ ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. చూసేవాళ్ళకు హ్యాంగ్ అయినట్టుంటుంది.

మందు సులువు. పాత పీసీ వైపు 9 పిన్నుల కనెక్టర్‌లో 7, 8 పిన్నులను ఒకదానికొకటి కలపండి. 4, 6 పిన్నులను ఒకదానికొకటి కలపండి. తాను సిద్ధమని చెప్పే రెండు తీగల్లో తన ఆర్‌టీఎస్ తన సీటీఎస్‌కే, తన డీటీఆర్ తన డీఎస్‌ఆర్‌కే చేరి, అది తనకు తానే సరే అనుకుంటుంది. మిగతాది మామూలే: ఇటు 3 అటు 2కి, ఇటు 2 అటు 3కి, 5 నుంచి 5కి. పాత పీసీకి 25 పిన్నుల పోర్టు ఉంటే నంబర్లు మారతాయి: పంపేది 2, అందుకునేది 3, గ్రౌండ్ 7, కలపాల్సిన జతలు 4-5, 6-20. అక్కడొక జాగ్రత్త. ప్రింటర్ పోర్టు కూడా 25 పిన్నులదే. పీసీ వెనక రంధ్రాలున్నది ప్రింటర్‌ది, ముళ్ళున్నది సీరియల్‌ది.

అవతల వైపు ఈ రోజుల్లో సీరియల్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ దొరకడం అరుదు, కాబట్టి యూఎస్‌బీ అడాప్టర్ కొంటారు. ఆర్‌ఎస్-232 (ఈ సీరియల్ పోర్టు ప్రమాణం) అని స్పష్టంగా ఉన్నదే కొనండి. మైక్రోకంట్రోలర్ల కోసం అమ్మే 5 వోల్టుల, 3.3 వోల్టుల బుల్లి బోర్డులను నేరుగా తగిలిస్తే పాత పీసీ పంపే ప్లస్, మైనస్ 12 వోల్టుల దెబ్బకు అవి మాడిపోతాయి. విండోస్‌లో అయితే లాగ్ రాసే టెర్మినల్ ప్రోగ్రాం ఏదైనా సరే. లైనక్స్‌లో ఎస్‌టీటీవైతో వేగం 9600 చేసి, పోర్టును రా పద్ధతిలో (బైట్లను ఉన్నవున్నట్టు తీసుకునేలా) పెట్టి, క్యాట్‌తో ఫైల్లోకి పోస్తే చాలు. రా పద్ధతి మరిచిపోతే వచ్చే బైట్లలో కొన్నిటిని లైనక్స్ తనకిచ్చిన ఆదేశాలనుకుని మింగేస్తుంది.

ఫైల్లో పడిన దాన్ని శుభ్రం చేసేటప్పుడు రెండు మూడు వింతలు ఎదురవుతాయి. మొదటిది గీతల పెట్టెలు. తెర మీద పట్టికల చుట్టూ ఉన్న గీతలు 437 కోడ్‌పేజీ అనే పాత అక్షరాల పట్టికలోవి. అక్షరాల పట్టిక మార్చే ఐకాన్వ్‌తో 437 నుంచి యూటీఎఫ్-8కి మారిస్తే గీతలు గీతల్లాగే వస్తాయి. మార్చకుండా తెరిస్తే చెత్త కనిపిస్తుంది, డేటా పాడైందని కంగారు పడతారు. పాడవలేదు.

రెండోది ఇంకా తమాషా. 32 కంటే తక్కువ విలువలున్న కోడ్‌లకు తెర మీద బొమ్మలున్నాయి: నవ్వు ముఖం, ఆటీను, బాణాలు. ఇంటరప్ట్ 5 వాటిని బొమ్మలుగా చూడదు. సున్నాను తప్ప మరి దేన్నీ మార్చకుండా ఉన్నదున్నట్టు పంపేస్తుంది. తెర అడుగున "బాణం మీటలతో కదలండి" అని సూచన ఇచ్చే ప్యాకేజీలుంటాయి కదా. అందులో ఎడమ బాణం కోడ్ 27. ప్రింటర్‌కి 27 అంటే ఎస్కేప్, అంటే "తరువాత వచ్చేది అక్షరం కాదు, ఆదేశం" అని. దాంతో పక్కనున్న అక్షరాన్ని మింగి, అది ఏ ఆదేశమైతే ఆ వేషం కడుతుంది. ఆడవారి గుర్తు బొమ్మ కోడ్ 12, అది ఫారం ఫీడ్: కాగితం సగంలో పేజీ మారిపోతుంది. సంగీత స్వరం బొమ్మ 14, వరసలో మిగిలినదంతా రెండింతల వెడల్పు. ప్రింటర్‌కి దయ్యం పట్టిందనుకునే సందర్భాల్లో కొన్నిటికి ఇదే కారణం.

ఫైలుకి మళ్ళించినప్పుడు దయ్యం వేరు: కుడి బాణం కోడ్ 26. డాస్‌లో అది పాఠం ఫైలు అయిపోయిందనే గుర్తు. పట్టుకున్న ఫైలును డాస్‌లోనే టైప్ ఆదేశంతో చూస్తే మొదటి కుడి బాణం దగ్గర ఆగిపోతుంది. కాపీతో ఫైళ్ళను కలిపేటప్పుడు /బీ తగిలించండి, లేకపోతే బాణం తరువాతి తెరలన్నీ మాయం.

తెలుగు తెరల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. డాస్ కాలంలో భారతీయ లిపులకు పుణె సీ-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు, అక్షరాలకు నంబర్లిచ్చే ఇస్కీ కోడ్ ఆధారం. ఇస్కీ 1991లో ఐఎస్ 13194గా ప్రమాణమైంది. అందులో మన అక్షరాలు 160కి పైన ఉంటాయి: క 179, ల 209, సున్న 162. ఆ బైట్లు, మధ్యలో లిపి తెలిసిన ప్రోగ్రాం ఏదీ లేకుండా ప్రింటర్‌కి చేరితే ఏమవుతుంది? ఐబీఎం రీతిలో ఉన్న ప్రింటర్‌కి 179 అంటే నిలువు గీత. ఎప్సన్ రీతిలో, ఇటాలిక్ పట్టిక ఎంచుకుని ఉంటే, 128 తీసేయగా మిగిలిన అక్షరం వాలుగా పడుతుంది: 179లోంచి 128 పోతే 51, అంటే అంకె 3. ఆ లెక్కన "కలం" అన్న మాట వాలుగా 3, దాని పక్కన ఇంగ్లీషు క్యూ, ఆపైన జంట కొటేషన్ గుర్తుగా అచ్చవుతుంది. కాగితం మీద ఇది చిత్తు కాగితమే. సీరియల్ దారిలో ఫైల్లో పడిన అవే బైట్లు మాత్రం చెక్కుచెదరవు. ఇస్కీ తెలిసిన ఐసీయూ లైబ్రరీ లాంటి మార్పిడి సాధనంతో యూనికోడ్ తెలుగు చేసుకోవచ్చు. వీడియో మెమరీలో ఇస్కీ బైట్లు యథాతథంగా ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది, గ్రాఫిక్స్‌గా గీసిన తెలుగుకి కాదు.

గ్రాఫిక్స్ అన్నాం కాబట్టి ఆ ముక్క కూడా. తెర గ్రాఫిక్స్ రీతిలో ఉంటే రోమ్‌లోని కోడ్ చుక్కలను తన ఫాంటుతో పోల్చి అక్షరాలను గుర్తుపట్టే ప్రయత్నం చేస్తుంది. బొమ్మ ఉన్నచోట ఖాళీలే. బొమ్మ కావాలంటే ముందుగా గ్రాఫిక్స్ అనే డాస్ ఆదేశాన్ని ప్రింటర్ రకం పేరుతో నడపాలి. అది ఇంటరప్ట్ 5నే ఆక్రమించి చుక్కలుగా పంపుతుంది. నలుపు తెలుపు తిరగేయకుండా తెర మీద ఉన్నట్టే కావాలంటే /ఆర్. కానీ అప్పుడు వైరులో వచ్చేది పాఠం కాదు, ప్రింటర్ భాష. మన పనికి అది అడ్డమే, కాబట్టి మెషిన్ మొదలవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్లో ఆ వరస ఉందేమో చూసి తీసేయండి.

43, 50 వరసల తెరల్లో 25 వరసలే వస్తున్నాయంటే తప్పు కేబుల్‌ది కాదు. అసలు రోమ్ కోడ్ 25 వరసలనే లెక్క మీద రాసింది. తరువాత వచ్చిన ఈజీఏ, వీజీఏ వీడియో కార్డుల బయోస్‌లో వరసల సంఖ్య చూసుకునే ఇంకో ప్రింట్ స్క్రీన్ ఉంది. ఇంటరప్ట్ 10ని, ప్రాసెసర్ రిజిస్టర్లలో ఏహెచ్‌లో 12, బీఎల్‌లో 20 (ఇవీ హెక్సే) పెట్టి పిలిస్తే అది రంగంలోకి దిగుతుంది.

"ఇంత తతంగం దేనికి, లేజర్ ప్రింటర్ తగిలించి కాగితం మీద తీసుకుంటే పోదా?" అనేవాళ్ళకు ఒక హెచ్చరిక. ప్రింట్ స్క్రీన్ చివర ఫారం ఫీడ్ పంపదు. డాట్ మ్యాట్రిక్స్‌కి దాని అవసరం లేదు. లేజర్ మాత్రం పేజీ నిండేదాకానో, ఫారం ఫీడ్ వచ్చేదాకానో కాగితం వదలదు. లైటు వెలుగుతూనే ఉంటుంది, కాగితం రాదు. నావెల్ నెట్‌వేర్ అనే నెట్‌వర్క్ వ్యవస్థలో క్యాప్చర్ ఆదేశంతో ఎల్‌పీటీ1ను సర్వర్ క్యూకి మళ్ళించినప్పుడూ ఇదే జబ్బు: పని అయిపోయిందని ఎవరూ చెప్పరు కాబట్టి క్యూ తెరిచే ఉంటుంది. అందుకే అక్కడ టీఐ=10 లాంటి గడువు పెట్టాలి, పది సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే మూసేయమని. అదే క్యాప్చర్‌కి సీఆర్= తో ఫైలు పేరు ఇస్తే క్యూకి బదులు సర్వర్ మీద ఫైల్లో పడుతుంది; నెట్‌వర్క్ ఇంకా బతికి ఉన్న చోట ఇది సీరియల్ కేబుల్ కంటే హాయి.

సీరియల్ పోర్టే లేని లేదా చెడిపోయిన మెషిన్ అయితే మెమరీని చూసి మార్చే డాస్ సాధనం డీబగ్ ఉంది. వీడియో మెమరీ రంగుల కార్డుకి బీ800:0 దగ్గర, మోనోక్రోమ్‌కి బీ000:0 దగ్గర మొదలవుతుంది. 80 గుణించు 25 గుణించు 2, మొత్తం 4000 బైట్లు, హెక్స్‌లో ఎఫ్ఏ0. ఒక పాఠం ఫైల్లో ఆరు వరసలు రాయండి: ఎం బీ800:0 ఎల్ ఎఫ్ఏ0 100, తరువాత ఎన్ స్క్రీన్.బిన్, తరువాత ఆర్ సీఎక్స్, దాని కింద ఎఫ్ఏ0, తరువాత డబ్ల్యూ, చివర క్యూ. ఆ ఫైలును < గుర్తుతో డీబగ్‌కి ఇచ్చి, దాని మాటలను > నల్‌కి తోసేయండి, లేకపోతే డీబగ్ తన వాగుడుతో తీయాల్సిన తెరనే పైకి జరిపేస్తుంది. కదిలించే ఎం వరసే మొదట ఉండాలి. ఫైలు పేరు చివర ఈఎక్స్ఈ గానీ హెక్స్ గానీ ఉండకూడదు, డీబగ్ వాటిని రాయనంటుంది. వచ్చిన ఫైల్లో ఒక బైటు అక్షరం, ఒక బైటు రంగు. ఒకటి విడిచి ఒకటి తీసుకుని, 80కి ఒక వరస విరవాలి. లోపం పెద్దదే: ప్రాంప్ట్ దగ్గర తప్ప, ప్రోగ్రాం నడుస్తుండగా ఇది కుదరదు.

నడుస్తుండగా ఫైల్లోకే కావాలనుకునే వాళ్ళు మెమరీలో నిలిచే ప్రోగ్రాంలు రాశారు. పీసీ మ్యాగజైన్ వాళ్ళ ప్రన్2ఫైల్ అందులో పేరున్నది. మీరే రాసుకోవాలంటే ఒక్కటి గుర్తుంచుకోండి. మీట నొక్కిన క్షణంలో డాస్ వేరే పనిలో ఉండవచ్చు, దానికి ఒకేసారి రెండు పనులు చెప్పకూడదు. పట్టిన అక్షరాలను ముందు బఫర్లో దాచి, డాస్ పనిలో ఉందని చూపే ఇన్‌డాస్ జెండా సున్నా అయ్యాకో, డాస్ ఖాళీగా ఎదురుచూస్తూ పిలిచే ఇంటరప్ట్ 28 వచ్చినప్పుడో ఫైల్లో రాయాలి. నొక్కగానే డిస్క్ మీదకు వెళ్ళే ప్రోగ్రాం పది సార్లు బాగానే పనిచేసి పదకొండోసారి ఫైళ్ళ పట్టిక పాడుచేస్తుంది. ఎవరి ఏకైక డేటానో ఉన్న హార్డ్ డిస్క్ మీద ఈ జూదం ఎందుకు? అందుకే సీరియల్ అంటున్నాను; ఆ దారిలో తెరలను పట్టడానికి పాత డిస్క్ మీద ఒక్క బైటు కూడా రాయం.

రెండు ప్రింటర్ పోర్టులున్న మెషిన్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాలంటే మోడ్ అక్కర్లేదు. బయోస్ పోర్టు చిరునామాలను 40:8 నుంచి రెండేసి బైట్లుగా దాచుకుంటుంది. డీబగ్‌లో చూస్తే 78 03 78 02 అని కనిపిస్తుంది, అంటే 378, 278. వాటిని 78 02 78 03 అని తిరగరాస్తే ఎల్‌పీటీ1, ఎల్‌పీటీ2 తారుమారవుతాయి. పోర్టుకి నేరుగా రాసే మొండి ప్రోగ్రాంలకు మాత్రం ఇది పట్టదు. అలాగే 50:0 దగ్గర ఒక బైటు ఉంది: 0 అంటే ఖాళీ, 1 అంటే ప్రింట్ జరుగుతోంది, ఎఫ్ఎఫ్ అంటే పోయినసారి తప్పింది. అక్కడ 1 రాసి వదిలేస్తే ఇంటరప్ట్ 5 "ఇప్పటికే జరుగుతోందిలే" అనుకుని వెనక్కి పోతుంది, మీట పనిచేయదు. పొరపాటున తగిలితే బిగుసుకుపోయే మెషిన్‌కి ఇది మంచి తాళం.

ఇంటరప్ట్ 5 గురించి ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. మొదటి 32 ఇంటరప్ట్‌లు తమ ప్రాసెసర్లకని ఇంటెల్ అట్టేపెట్టుకుంది. ఐబీఎం వినకుండా 5ను ప్రింట్ స్క్రీన్‌కి వాడేసింది. తరువాత వచ్చిన 80186, 80286 ప్రాసెసర్లలో ఒక సంఖ్య హద్దుల్లో ఉందో లేదో చూసే బౌండ్ అనే ఆదేశం చేరింది; హద్దు దాటితే అది పిలిచేది ఇంటరప్ట్ 5నే. పైగా ఆ పని ముగిశాక మళ్ళీ అదే ఆదేశం దగ్గరికి తిరిగి వస్తుంది. హద్దు దాటిన ప్రోగ్రాం అలా తెర మీద తెర అచ్చువేస్తూ కాగితం కట్టంతా తినేయగలదు.

విండోస్ 3.1లోనో 95లోనో డాస్ ప్రోగ్రాం నడుపుతుంటే ఈ చెప్పిందంతా మొదట పనిచేయనట్టే ఉంటుంది, ఎందుకంటే మీటను విండోస్ దారిలోనే లాక్కుని తెరను క్లిప్‌బోర్డుకి ఎక్కిస్తుంది. 3.1లో డాస్ ప్రోగ్రాంల అమరికలు మార్చే పిఫ్ ఎడిటర్‌లో ప్రింట్ స్క్రీన్‌ను ప్రోగ్రాంకి కేటాయించే పెట్టెలో టిక్కు పెట్టాలి. 95లో ప్రోగ్రాం ప్రాపర్టీస్‌లో విండోస్ మీటల జాబితాలోంచి దాని టిక్కు తీసేయాలి. ఒకచోట పెట్టడం, ఇంకోచోట తీయడం.

ఫోన్ ఫోటో సంగతి మళ్ళీ ఎత్తుతారు కాబట్టి: గుండ్రటి తెర మీద మెరుపు పడ్డ ఫోటోలో 3కి 8కి, 1కి 7కి తేడా ఎవరు చెబుతారు? అందులోనూ ఖాతా అంకెలు. వైరులో వచ్చిన 8 ఎనిమిదే. వంద తెరలైనా ఒకే ఫైల్లో వరసగా పడతాయి. ఒక్కో తెర 25 వరసలని తెలుసు కాబట్టి చిన్న స్క్రిప్టుతో ముక్కలు చేసుకోవచ్చు. కొన్ని బయోస్‌లు వరస మలుపులో లైన్ ఫీడ్ ముందు, క్యారేజ్ రిటర్న్ తరువాత పంపుతాయి, మామూలుకి తలకిందులుగా. స్క్రిప్టులో క్యారేజ్ రిటర్న్‌లను ముందే తీసేస్తే ఆ గొడవ ఉండదు.

పని మధ్యలో మళ్ళింపు ఇంకా ఉందా లేదా అని చూడాలనిపిస్తే మోడ్ ఎల్‌పీటీ1 పక్కన /స్టేటస్ తప్పకుండా పెట్టండి. ఒట్టి మోడ్ ఎల్‌పీటీ1 అని కొడితే అది మళ్ళింపును రద్దు చేసే ఆదేశం. తరువాతి తెర ఎవరూ లేని ప్రింటర్ పోర్టులోకి పోయి, ఇటు ఫైల్లో ఒక తెర తక్కువ పడుతుంది. అన్ని తెరలూ వచ్చాక కొట్టాల్సింది మాత్రం అదే.